తుప్పుతో పోయిన నంబరు

మోహనకృష్ణకు తుప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో చక్రాలూ ఇరుసులూ బాగుచేసే షాపులో ఏళ్ల తరబడి పనిచేసి తెచ్చుకున్న జబ్బు అది. ఇంటి గేటుకు తుప్పు పట్టకముందే ఎర్రరంగు పూసేస్తాడు. పక్కింటివాళ్ల గేటుకు వాళ్లు అడక్కుండానే పూసి మాట పడ్డాడు. తులసికోట చుట్టూ ఉన్న కమ్మీలకు కొట్టిన రంగు తులసాకులకు కూడా అంటిందని వాళ్లమ్మ సింహాచలమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. అలాంటివాడి చేతిలో అరవై ఏళ్లనాటి ఇంగ్లండు బండి పెడితే ఏమవుతుందో ముందే ఊహించాల్సింది. ఎవరూ ఊహించలేదు, అతనితో సహా.

ఆ బండి శనివారం పొద్దున్న ఖరగ్‌పూర్ పూరీ గేట్ పేటలో వాళ్లింటి ముందు ఆగేసరికి వీధి వీధంతా బయటికొచ్చింది. ఆకుపచ్చ ల్యాండ్‌రోవర్. బానెట్ మీద స్టెప్నీ చక్రం, పైన కాన్వాసు గుడ్డ. ఎప్పుడో ఓడెక్కి కలకత్తా రేవులో దిగింది. అడవి పల్లెల్లో వైద్యం చేసే మిషన్ దొరల కోసం వచ్చిందట. వాళ్లు సర్దుకుని వెళ్లిపోయేటప్పుడు ఫోర్‌మన్ విల్‌ఫ్రెడ్ దాన్ని కొనుక్కున్నాడు. విల్‌ఫ్రెడ్ అంటే మోహనకృష్ణకు సుత్తి పట్టడం దగ్గర్నుంచి నేర్పిన మనిషి. ఫోర్‌మన్ అయినా అతనికి మాత్రం మేస్త్రీగారే. ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక ఆయన బండి కిందికి దూరితే పానాలు అందించింది ఇతనే. సాలువా రోడ్డు మీద స్టీరింగు మొదటిసారి పట్టుకుందీ ఆయన పక్కనే.

కిందటేడు విల్‌ఫ్రెడ్ పోయాక బండి ఆయన భార్య స్వర్ణకుమారి పేరు మీదికి మారింది. పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, ఊళ్లో అందరికీ టీచరమ్మ. పాత బండ్లు పోగుచేసే కోల్‌కతా ఆసామి ఒకడు హిజ్లీ దగ్గర ఆవిడ ఇంటి చుట్టూ తెగ తిరిగాడు. ఎంత కావాలన్నా ఇస్తానన్నాడు. ఆవిడ టీ ఇచ్చి పంపేసింది. "బండి మోహన్‌కే అని ఆయన అన్నారు. ఆయన లేనంత మాత్రాన మాట లేకుండా పోద్దేటి?" అంది. సోమవారం మోటారు వాహనాల ఆఫీసులో పేరు మార్పు. బండి ముందుగానే తీసుకుపొమ్మని తాళం కూడా చేతిలో పెట్టింది. "కాస్త దీని మొహం కడుగు. ఇన్‌స్పెక్టర్ బాబు ముందు పరువుగా ఉండాల."

మొహం కడగమంటే మోహనకృష్ణ తోలు ఒలిచాడు.

పైన ఒళ్లంతా అల్యూమినియం, దానికి తుప్పు గొడవ లేదు. కింద చాసిస్ మాత్రం ఇనుము. తుప్పంటే వర్క్‌షాపులో ఒకటే పద్ధతి. మెరిసేదాకా గీకాలి, ఎర్ర ప్రైమరు కొట్టాలి, ఆపైన నల్లరంగు వెయ్యాలి. గ్రైండరు పట్టుకుని బండి కిందికి దూరినవాడు అన్నానికి పిలిచినా బయటికి రాలేదు. ముందు బంపరు వెనక కుడిపక్కన స్ప్రింగును పట్టుకునే కొమ్ము ఒకటుంటుంది. దాని మీద మట్టీ గ్రీజూ పాత రంగూ కలిసి గట్టుకట్టి ఉన్నాయి. దాన్ని మరీ ముద్దుగా, చంటిపిల్లకు తల దువ్వినట్టు గీకాడు. సాయంత్రానికి ప్రైమరు కూడా ఆరిపోయింది. భార్య ప్రశాంతి ఫోను పట్టుకుని ఫొటోలు తీసింది. ఆ రాత్రి అతను హాయిగా నిద్రపోయాడు. ఆ తర్వాత మళ్లీ అలాంటి నిద్ర పట్టలేదు.

ఆదివారం పొద్దున్న ఆఫీసు పనులు చూసిపెట్టే ఏజెంటు ఫోన్ చేశాడు.

"దాదా, చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర తేవడం మరిచిపోకు. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే పడుతుంది."

"సీటు పక్కన రేకు మీద ఉన్నాది కదా నంబరు?"

"రేకు పనికిరాదు దాదా. రేకు ఎవడైనా పీకి ఇంకో బండికి కొట్టుకోగలడు. చాసిస్ ఇనుము మీద గుద్దిన నంబరు కావాలి. ఇన్‌స్పెక్టర్ బాబు వంగి మరీ చూస్తాడు."

ఆ నంబరు ఎక్కడుంటుందో మోహనకృష్ణకు తెలియదు. ఎన్ని ఆదివారాలు ఆ బండి కింద గడిపినా అడగాలని తోచలేదు. టీచరమ్మకు ఫోన్ చేశాడు. ఆవిడ చర్చికి బయల్దేరుతోంది.

"నంబరా? ముందు కుడిపక్కన, స్ప్రింగు కొమ్ము మీదరా. తుప్పు తినేస్తదని మీ మేస్త్రీ ఏటా దాని మీద గ్రీజు పట్టించి పైన రంగేసేవారు. కాస్త కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే బయటపడతది. జాగర్తగా తుడు."

"అలాగే టీచరమ్మా" అన్నాడు.

బండి ముందు బోర్లా పడుకుని చూశాడు. కొమ్ము నున్నగా, ఎర్రగా ఉంది. వేలితో తడిమాడు. గోరుతో గీరాడు. థిన్నరు గుడ్డతో ప్రైమరు తుడిచేసి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. కాగితం మీద నల్లటి మరక పడింది, అంకె పడలేదు. పక్కకు జరిపి మళ్లీ రుద్దాడు. మళ్లీ మరకే. అంత తుప్పులోనూ మేస్త్రీగారు కాపాడుకుంటూ వచ్చినదాన్ని తను ఒక్క పూటలో గీకి పారేశాడు.

అది తన బండి అయితే తల పట్టుకుని కూర్చునేవాడు, అంతే. కానీ కాగితాల్లో యజమాని ఇంకా టీచరమ్మే. చాసిస్ నంబరు చెరిపేసిన బండి అంటే దొంగబండి అని చంటిపిల్లాడు కూడా అంటాడు. బండి జప్తు చేస్తారు. ఎక్కడిదీ బండి, ఎవరు చెరిపారు, ఎందుకు చెరిపారు అని పోలీసులు ఆవిణ్ణే అడుగుతారు. ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి ఆ వయసులో స్టేషను బెంచీ మీద కూర్చోవాలి. అదీ ఇతన్ని నమ్మినందుకు. మోహనకృష్ణ భయమల్లా అదే. బండి పోతుందన్న బాధ దాని వెనక ఎక్కడో ఉంది.

దీనికి తోడు ఇంకోటి. షాపులో ప్రతి ఇరుసు చివరా నంబరు గుద్ది ఉంటుంది. గీకే ముందు ఆ నంబరు చదివి రాసుకోవడం కొత్తగా చేరినవాడికి నేర్పే మొదటి పాఠం. నంబరు చదవడానికి రాని ఇరుసును, అది ఎంత గట్టిదైనా సరే, సుద్దతో ఇంటూ మార్కు పెట్టి స్క్రాపులో పడేస్తారు. "నంబరంటే దాని పుట్టుకరా. పుట్టుక తెలీనిదాని మీద జనాన్ని ఎక్కించకూడదు" అనేవాడు విల్‌ఫ్రెడ్. అలా ఇంటూ పెట్టిన ఇరుసులు మోహనకృష్ణ చేతిమీదుగా ఎన్ని పోయాయో. అన్నీ తెలిసినవాడు ఇంటి దగ్గరికొచ్చేసరికి సంబరంలో ఒళ్లు మరిచాడు.

మధ్యాహ్నం ఆమోసు వచ్చాడు. అదే షాపులో ఇరుసుల మీద అంకెలు గుద్దేది అతనే. సంగతి విని కాసేపు బండి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇదేటంత పెద్ద పనేటి బావా? నంబరు రేకు మీద ఉన్నాది, ఆర్సీ బుక్కులో ఉన్నాది. నా కాడ అంకెలు గుద్దే పంచ్‌లున్నాయి. షాపువి కావు, గోల్ బజార్లో నాను కొనుక్కున్నవే. ఉన్న నంబరే మళ్లీ కొడతాం. అబద్ధం నంబరు కాదు గదా."

"కొడితే కొత్తగా తెల్లగా మెరుస్తది."

"ఉప్పునీళ్లు రాస్తే పొద్దున్నకి తుప్పు రాదేటి?"

"మనం కొట్టుకోడం తప్పు గదరా. దొరికితే ఉద్యోగం పోతాది."

"అయితే నీ ఇష్టం. పంచ్‌ల పెట్టె ఇక్కడే ఉంచుతాను. కావాలంటే కొట్టు, వద్దంటే రేపు ఇచ్చేయ్" అని చిన్న చెక్కపెట్టె గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ పెట్టె చుట్టూ మోహనకృష్ణ సాయంత్రందాకా తిరిగాడు. లోపలికెళ్లి మంచినీళ్లు తాగాడు, మళ్లీ వచ్చాడు. ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాడు. టీచరమ్మేమో అనుకున్నాడు, ఎవరో లోను ఇస్తామని. ఈలోగా సింహాచలమ్మ మర్నాటి పూజకు సామాను సర్దుతోంది. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెచ్చింది. బానెట్ మీది చక్రానికీ ఒకటి ఉండాలా వద్దా అని కోడలితో వాదన పెట్టుకుంది.

"ఒరే, గుమ్మడికాయ సిన్నదైపోనాదేటి? ఇంత బండికి దిష్టి తియ్యాల గదా" అని అడిగింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అతను గబుక్కున బంపరుకు అడ్డంగా నిలబడ్డాడు. "నన్నెందుకమ్మా అడుగుతావు?" అని కసురుకున్నాడు. ఆవిడ తెల్లబోయి చూసింది. తల్లి మీద ఎన్నడూ గొంతు లేపని కొడుకు.

అత్తాకోడళ్లు పూలకోసం బజారుకు వెళ్లాక అతను పెట్టె తెరిచాడు. మొదటి అంకె నాలుగు. పంచ్ తీసి కొమ్ము మీద నిటారుగా పెట్టాడు. సుత్తితో ఒక్క దెబ్బ. నాలుగు చక్కగా పడింది. మరీ చక్కగా పడింది. రెండో అంకె పంచ్ పెట్టాడు, సుత్తి ఎత్తాడు. ఎత్తిన సుత్తి కిందికి దిగలేదు. మేస్త్రీగారి మొహం కనిపించిందని గానీ, ఆకాశం నుంచి మాట వినిపించిందని గానీ చెబితే అబద్ధమే. ఇరుసు మీద ఎవడైనా ఇలా దొంగ అంకె కొడితే తను ఒక్క చూపులో పట్టేస్తాడు. పట్టేశాక ఆ మనిషితో మళ్లీ కలిసి టీ తాగడు. అది గుర్తొచ్చింది. పంచ్‌లు పెట్టెలో పడేశాడు. కానీ పడిన అంకె పడిపోయింది. మళ్లీ గీకితే కొమ్ము పలచబడుతుంది, అప్పటికే చాలా గీకాడు. దాని మీద ఇంత గ్రీజు రాసి లేచాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు.

సోమవారం పొద్దున్న పూజ అయింది. నిమ్మకాయలు నలిగాయి, బానెట్ మీది చక్రానికీ కుంకుమబొట్టు పడింది. దండ వేసుకున్న బండిలో మోహనకృష్ణ ఒక్కడే హిజ్లీ వెళ్లాడు. టీచరమ్మ తెల్లచీర కట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది. ఎక్కి కూర్చుని, ఎదురుగా ఉన్న డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది. "ఆయన పోయాక ఎక్కడం ఇదే" అంది. మోహనకృష్ణకు స్టీరింగు చెమటతో జారిపోతోంది. మలుపు తిరిగాక చెబుదాం అనుకున్నాడు. మలుపు తిరిగింది. రైల్వే గేటు దగ్గర చెబుదాం అనుకున్నాడు. గేటు తెరిచే ఉంది. చివరికి రోడ్డు పక్కన సాల చెట్ల కింద బండి ఆపేశాడు.

"ఏటిరా, ఆయిలు లేదా?"

"టీచరమ్మా, నాను నంబరు గీకేసినాను. తుప్పనుకున్నాను. మొత్తం పోనాది."

ఆవిడ అతని వైపు చూడలేదు. ఎదురుగా సైకిళ్ల మీద కాలేజీ పిల్లలు పోతుంటే వాళ్లను చూస్తూ కూర్చుంది. దండలోంచి ఒక బంతిపువ్వు ఊడి బానెట్ మీద దొర్లింది. నాలుగు సంగతి కూడా చెప్పెయ్యాలని అతని నోటిదాకా వచ్చింది. సగం చెప్పడానికే ప్రాణం పోయింది, మిగతా సగానికి ధైర్యం చాల్లేదు.

"పద" అందావిడ. తిట్టినా బాగుండేది.

ఆఫీసు ఆవరణలో ఇన్‌స్పెక్టర్ బాబు సన్నగా, కళ్లజోడుతో, ఎండకు విసిగిపోయి ఉన్నాడు. కానీ బండిని చూడగానే మొహం విప్పారింది. చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంజను నంబరు చూశాడు, సరిపోయింది. సీటు పక్కన రేకు చూశాడు, అదీ సరిపోయింది. "చాసిస్ నంబరు?" అని బెంగాలీలో అడిగాడు.

మోహనకృష్ణ నోరు తెరిచేలోపే టీచరమ్మ ముందుకొచ్చింది. తరగతిలో మాట్లాడినట్టు తొణక్కుండా బెంగాలీలో చెప్పింది. "అది నా పొరపాటు బాబూ. తుప్పు పట్టిందని నేనే గీకించాను. ఈ అబ్బాయి తప్పేమీ లేదు. ఏమన్నా రాసుకోవాలంటే నా పేరు రాసుకోండి."

నిన్నటినుంచి ఏం జరుగుతుందని మోహనకృష్ణ వణికిపోయాడో దానికి ఆవిడే తనంతట తాను ఎదురెళ్లింది.

ఇన్‌స్పెక్టర్ ఆవిడ వైపు అనుమానంగా చూసి, టార్చి తీసుకుని వంగాడు. కొమ్ము మీద గ్రీజును కాగితంతో తుడిచాడు. తుడిచి ఆగిపోయాడు. వేలు ఒకచోట పెట్టి ముందుకూ వెనక్కూ రుద్దాడు.

"తుప్పు గీకించారు, సరే. మరి ఈ నాలుగు ఏమిటి? ఇది నిన్నో మొన్నో కొట్టింది. ఇది కూడా మీరే కొట్టించారా దీదీ?"

టీచరమ్మకు అర్థం కాలేదు. ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది, కొమ్ము వైపు చూసింది, తర్వాత మోహనకృష్ణ వైపు చూసింది. ఆ చూపుకు అతను సగమైపోయాడు. ఆవిడ పెదవులు కదిలాయి. ఆ మాట కూడా తన మీదే వేసుకుంటుందని అతనికి తెలిసిపోయింది. వేసుకుంటే అది ఇక పొరపాటు కాదు, నేరం. ఉద్యోగం గుర్తొచ్చింది, ప్రశాంతి గుర్తొచ్చింది, అమ్మ గుర్తొచ్చింది. అన్నీ గుర్తొస్తూ ఉండగానే నోరు మాట్లాడేసింది.

"నేను కొట్టాను సార్" అన్నాడు హిందీలో. "గీకింది కూడా నేనే. ఆవిడకు ఏదీ తెలియదు. మొత్తం నంబరు కొట్టేద్దామనే సుత్తి ఎత్తాను. ఒక అంకె పడ్డాక చెయ్యి ఆడలేదు. నా పేరే రాసుకోండి."

"ఎక్కడ పని?"

"రైల్వే వర్క్‌షాపు. ఇరుసుల షాపు."

ఇన్‌స్పెక్టర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇరుసుల మీద నంబర్లుండే చోట పనిచేస్తూ ఈ పని చేశావా?" అన్నాడు. మోహనకృష్ణ తల వంచుకుని నిలబడ్డాడు. ఆవరణలో నలుగురు చేరారు. ఎవడో ఫోనెత్తి బండి ఫొటో తీశాడు.

ఇన్‌స్పెక్టర్ లోపలికి పోయి చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చి, ఉన్నదున్నట్టు రాశానన్నాడు. ఇంజను నంబరూ రేకూ సరిపోయాయి, యజమాని ఎదురుగా ఉంది, అందుకని బండి ఇప్పుడు జప్తు చెయ్యడు. పోలీసు విచారణ జరుగుతుంది. ఇతను వెళ్లి సంతకం పెట్టి సంజాయిషీ ఇచ్చుకోవాలి. వాళ్లు సరేనంటే నంబరు ఆఫీసువాళ్లే కొట్టిస్తారు. అది ఎప్పటికో చెప్పలేడు. రైల్వేవాళ్లు దీన్ని ఎలా చూస్తారో అసలే చెప్పలేడు. "అప్పటిదాకా బండి అమ్మడానికి లేదు, కొనడానికి లేదు. ఠీక్ హై?"

"ఠీక్ హై" అంది టీచరమ్మ.

ఇన్‌స్పెక్టర్ లోపలికి పోయాక మోహనకృష్ణ తాళం తీసి ఆవిడ చేతికి ఇవ్వబోయాడు. "డ్రైవర్ని మాటాడి పంపుతాను టీచరమ్మా. దీన్ని తోలడానికి నాకు అర్హత లేదు. ఆ కోల్‌కతా ఆయన్నే పిలవండి. ఎప్పటికైనా ఆయనకే ఇచ్చేయండి."

ఆవిడ తాళం అందుకోలేదు. "నాలుగు మాట దారిలోనే ఎందుకు చెప్పలేదురా?"

"భయమేసినాది."

"మరి ఇన్‌స్పెక్టర్ ముందు చెప్పినావు. అప్పుడు భయం లేదేటి?"

"ఇంకా ఎక్కువ భయమేసినాది. మీరు మీద వేసుకుంటారని."

టీచరమ్మ బండి ముందుకెళ్లింది. కొంగు ఒడిసి పట్టుకుని, మోకాలు నొప్పికి మూలుగుతూ వంగి, ఆ ఒంటరి నాలుగును వేలితో తడిమింది. "మీ మేస్త్రీ ఉంటే ముందు నీ గూబ పగలగొట్టేవారు" అంది.

"ఇంటూ పెట్టేసేవారు, టీచరమ్మా. దీనికీ నాకూ."

"ఆయన ఇంటూ పెట్టింది ఇరుసులకి. మనుషులకి పెట్టగా నేను చూడలేదు." లేచి చీర దులుపుకుంది. "విచారణ అయ్యేదాకా బండి నాదే. నువ్వే తోలాల. ఆదివారం ప్రార్థనకి ఆలస్యం చెయ్యకుండా రా. ఆయన లేరని ఏడాదిగా ఆటోలో పోతన్నాను, నడుం విరిగిపోతంది."

మోహనకృష్ణ ఎక్కి కూర్చున్నాడు. తాళం కన్నంలో పెట్టాడు. నిన్నటినుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది, నలుగురూ చూస్తున్న ఆవరణలో, బంతిపూల దండ వేసుకున్న పరాయి బండిలో. టీచరమ్మ అటు తిరిగి కూర్చుంది. అతను మొహం తుడుచుకునేదాకా ఆగి, "ఇక పోనీ" అంది.